ఫొటో పడలేదంటే చిరుత లేనట్టా? కెమెరా ట్రాప్‌లపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో బన్నేరుఘట్ట రోడ్డు, కనకపుర రోడ్డు వైపు లేఅవుట్లలో చిరుత మాట పుట్టిన ప్రతిసారీ ఇదే వరస. అసోసియేషన్ వాళ్ళు ఆన్‌లైన్‌లో రెండు కెమెరా ట్రాప్‌లు, అంటే ముందు నుంచి ఏదైనా కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరాలు తెప్పిస్తారు. గోడవార చెట్లకు కడతారు. మూడు రాత్రుల తర్వాత మెమరీ కార్డు తీసి చూస్తే వీధికుక్కలు, ఊగే గడ్డి. "చిరుతా లేదు, ఏమీ లేదు, అంతా పుకారే" అని గ్రూపులో మెసేజ్. ఆ సాయంత్రం నుంచే పిల్లలు మళ్ళీ కాంపౌండ్ చివరి పొదల దాకా ఆటకు వెళ్తారు.

అపోహ: ఫొటో పడలేదంటే జంతువు లేనట్టే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇది. ఖాళీ కార్డు చెప్పేది ఒక్కటే: ఆ రాత్రుల్లో, ఆ కెమెరా ముందు, సెన్సార్‌కు అందేలా ఏదీ నడవలేదు. చిరుత నిజంగానే ఆ చుట్టుపక్కల తిరుగుతోందనుకోండి. ఒక రాత్రిలో మీ కెమెరాకు చిక్కే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. మూడు రాత్రులూ చిక్కకుండా పోయే అవకాశం 0.9 × 0.9 × 0.9, అంటే దాదాపు 73 శాతం. అదే ముప్ఫై రాత్రులు ఉంచితే 4 శాతానికి దిగుతుంది. పులుల గణనలో కెమెరాలను వారాల తరబడి కదపకుండా ఉంచేది అందుకే. మూడు రోజులకే తీసేసి "లేదు" అని తేల్చడం పనికిరాదు.

అదీ కెమెరాను సరిగ్గా కడితేనే. ఎక్కువమంది చేసే తప్పు ఎత్తు దగ్గర. మనిషి నిలబడి కడతాడు కాబట్టి కెమెరా ఛాతీ ఎత్తుకు వెళ్తుంది, సెన్సార్ చూపు చిరుత వీపు మీదుగా పోతుంది. నేల నుంచి 40-45 సెంటీమీటర్లు, అంటే మన మోకాలి ఎత్తు చాలు. నేల వాలుగా ఉంటే ఆ ఎత్తును చెట్టు మొదలు దగ్గర కాదు, జంతువు నడిచే చోట కొలవాలి. కట్టాక టెస్ట్ మోడ్ పెట్టి, దారి మీద మోకాళ్ళపై పాకుతూ దాటండి. ముందరి చిన్న లైటు వెలిగితే సరే. వెలగకపోతే బెల్టు వదులు చేసి, కెమెరా వెనక చిన్న పుల్ల దోపి, కోణం మార్చి మళ్ళీ పాకండి. నిలబడి నడిచి చూస్తే ఈ తప్పు బయటపడదు.

సెన్సార్ పట్టేది జంతువు ఆకారాన్ని కాదు, వెనకున్న నేలకూ కదిలే ఒంటికీ మధ్య వేడిలో ఉన్న తేడాను. ఏప్రిల్ మధ్యాహ్నం ఎండకు కాగిన బండ ముందు నుంచి చిరుత పోతే ఆ తేడా తగ్గిపోయి కెమెరా ఊరుకుంటుంది. అదే ఎండకు వేడెక్కిన గడ్డి గాలికి ఊగితే వేల ఫొటోలు తీస్తుంది. కార్డు నిండుతుంది, బ్యాటరీ పోతుంది, చిరుత వచ్చే రాత్రికి కెమెరా చచ్చి ఉంటుంది. కాబట్టి కెమెరా ముందు నాలుగైదు మీటర్ల మేర గడ్డి, లాంటానా కలుపు పొదలు కొట్టేయండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా పది రోజులకోసారి మళ్ళీ కొట్టాలి. కెమెరా ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉండాలి. తూర్పు, పడమరలకు పెడితే పొద్దున, సాయంత్రం ఎండ నేరుగా లెన్సులో కొడుతుంది.

దారి నడుమకు కెమెరా దూరం మూడు, నాలుగు మీటర్లు. మరీ దగ్గరైతే రాత్రి ఫ్లాష్‌కు ఒళ్ళంతా తెల్లబారి మచ్చలు కనిపించవు. ట్రిగ్గర్, అంటే కదలిక పట్టాక ఫొటో తీయడానికి పట్టే సమయం, అర సెకను లోపు ఉన్న కెమెరా కొనండి. ఒక సెకను పట్టేదానిలో తోక మాత్రమే మిగులుతుంది. బ్యాటరీల్లో పాతవీ కొత్తవీ కలపవద్దు. ఆల్కలైన్ సెల్స్ వాడితే పగటి ఫొటోలు బాగానే వస్తూ రాత్రివి మాత్రం నల్లబడతాయి. ఫ్లాష్‌కు కావలసిన శక్తి ముందుగా తగ్గిపోవడమే కారణం. తేదీ, టైమ్ సరిచూసి, పలక మీద రాసి కెమెరాకు చూపించి మొదటి ఫొటో తీయండి. పగలు రాత్రి తారుమారైతే చిరుత పట్టపగలు పార్కింగ్‌లో తిరుగుతోందన్న కొత్త పుకారు లేస్తుంది.

చోటు మాటకొస్తే, గోడ పొడవునా కెమెరాలు పెట్టి లాభం లేదు. కాలిబాట, ఎండిన వాగు, గోడ విరిగిన సందు, చెత్త పడేసే మూల చూడండి. ఆ చెత్తకు కుక్కలు చేరతాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. లేఅవుట్‌లో ఏ మూల కుక్కలు మొరుగుతాయో రాత్రి వాచ్‌మన్‌ను అడగండి. అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అపోహ: పది ఫొటోలు పడ్డాయంటే పది చిరుతలు.

ఇది భయపెట్టేది, కానీ తేలిగ్గా తేలిపోయేది. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే సుమారు 3.48 కోట్ల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651. విడివిడిగా గుర్తించిన పులులు 2,461. అంటే ఒక్కో పులి సగటున 31 సార్లు పడింది. చిరుత ఒంటి మచ్చలు మన వేలిముద్రల్లా దేనివి దానివే, పైగా ఎడమ పక్కవి కుడి పక్కకు పోలవు. అందుకే దారికి రెండు వైపులా రెండు కెమెరాలు పెడతారు. అవి సూటిగా ఎదురెదురుగా ఉంటే ఒకదాని ఫ్లాష్ ఇంకొకదాని ఫొటోను పాడు చేస్తుంది, కాస్త అటూ ఇటూ జరపండి. ఈ రకం లెక్కలను శాస్త్రంగా నిలబెట్టింది మన కర్ణాటకలోనే ఉన్న నాగరహొళె అడవి పులుల మీద వన్యప్రాణి శాస్త్రవేత్త డా. కె. ఉల్లాస్ కారంత్ చేసిన పని.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్ చిరుతను గుడ్డిదాన్ని చేయదు. మాంసం కట్టి చిరుతను కెమెరా ముందుకు రప్పించడం అసలు చేయకూడని పని, ఇళ్ళ దగ్గర మరీను. జాతీయ ఉద్యానం, అభయారణ్యం హద్దుల్లో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా కెమెరా కట్టకూడదు. మీ సొంత స్థలంలో పెట్టినా అక్కడ కెమెరా ఉందని బోర్డు రాయండి, దాని ముందు నడిచేవాళ్ళలో ఇంటిపని వాళ్ళూ ఉంటారు.

చిరుత ఫొటో పడితే ముందు అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు పంపండి, గ్రూపులో తర్వాత. గ్రూపుకు పంపేటప్పుడు చోటు పేరు చెప్పొద్దు. భయపడేవాళ్ళను తప్పుపట్టలేం, పిల్లలున్న ఇళ్ళు అవి. కానీ చోటు తెలిస్తే జనం ఫోన్లు పట్టుకుని మూగుతారు, దారి మూసుకుపోయిన చిరుత మీద పడుతుంది. 2023లో బెంగళూరులోని కూడ్లు దగ్గర పట్టుకోబోతుండగా చిరుత చనిపోయింది, ఓ పశువైద్యుడు గాయపడ్డాడు. కార్డు ఖాళీగా ఉన్నా సరే, ముప్ఫై రాత్రులు పూర్తయ్యేదాకా పిల్లల్ని చీకటి పడకముందే లోపలికి పిలవండి, చెత్త ఆ మూల నుంచి తీయించండి.