రాకాసి గుళ్ళలో లంకెబిందెలు ఉండవు: అపోహలు - వాస్తవాలు

పాత సమాధులను వెతికి, కొలిచి, నమోదు చేయడం మా పని. తెలంగాణ పల్లెల్లో ఊరి బయట చెలకల్లో పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి, మధ్యలో రాళ్ళ కుప్ప కనిపిస్తుంది చూడండి, వాటినే రాకాసి గుళ్ళంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్ళంటారు. ఏ ఊరికి వెళ్ళినా దాదాపు ఇవే మాటలు వింటుంటాం.

అపోహ: అవి రాక్షసులు కట్టినవి, అంత పెద్ద బండలు మనుషులు ఎత్తలేరు.

వాస్తవం: మనలాంటి మనుషులే కట్టారు, రెండు మూడు వేల ఏళ్ళ కిందట, ఇనుము వాడటం మొదలైన కాలంలో. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తవ్వినప్పుడు పైబండ తీయడానికి క్రేన్ తేవాల్సి వచ్చింది, దాని బరువు 40 టన్నులకు పైనే. ఆ రోజుల్లో దాన్ని అక్కడికి చేర్చారంటే ఊరు ఊరంతా కదిలి ఉండాలి. చనిపోయిన తమ మనిషి కోసం అంత కష్టపడ్డారు.

అపోహ: లోపల బంగారం ఉంటుంది.

వాస్తవం: లోపల ఏముంటుందో చెప్తాను. నాలుగు బండలను ఒకదాని అంచు ఇంకోదానికి ఆనేలా నిలబెట్టి గదిలా కడతారు, పైనుంచి చూస్తే చాలాచోట్ల స్వస్తిక్ గుర్తులా ఉంటుంది. అందులో ఎముకల ముక్కలు (చాలాసార్లు నిండు శవం కాదు, తర్వాత ఏరి తెచ్చి పెట్టినవి), లోపల నల్లగా బయట ఎర్రగా ఉండే కుండలు, ఇనుప కొడవలి, గొడ్డలి, బాణం ములుకులు, కొన్ని పూసలు. ఎక్కడో చాలా అరుదుగా చిన్న బంగారు పూస దొరికితే దొరకొచ్చు, అంతే. లంకెబిందెలు ఉండవు.

ఒకసారి మేం కొలతలు తీసుకున్న సమాధి దగ్గరికే మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళాం. పైబండ రెండు ముక్కలై ఉంది, పక్కన ఎండిన నిమ్మకాయలు, కుంకుమ, తవ్విపోసిన మట్టి. ఆ మట్టిలో కుండ పెంకులు ఏరుతుంటే విరిగిన అంచులు ఇంకా కొత్తగా, మట్టి మరక లేకుండా ఉన్నాయి, అంటే అన్ని వేల ఏళ్ళు చెక్కుచెదరని కుండ ఆ రాత్రి గడ్డపార దెబ్బకే పగిలింది. ఎముకలు ఎండకు పొడి పొడి అయ్యాయి. పెంకులన్నీ సంచిలో వేసుకొచ్చాం కానీ, ఏ కుండ తల దగ్గర పెట్టారో, కొడవలి ఎవరి పక్కన ఉందో ఇక ఎప్పటికీ తెలియదు. మాకు కావాల్సింది అదే, ఏ వస్తువు ఎక్కడ ఉందన్నది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అపోహ: చెప్తే పొలం గుంజుకుంటారు.

వాస్తవం: రైతులకు అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఇదే, అందుకే రాత్రికి రాత్రి జేసీబీ పెట్టి చదును చేసేస్తారు. సమాధి ఉన్నంత మాత్రాన భూమి పోదు. ప్రభుత్వం రక్షిత స్థలంగా నోటిఫై చేస్తేనే ఆంక్షలు వస్తాయి, కేంద్రం రక్షణలో ఉన్నవాటికైతే చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు కట్టకూడదు. అక్కడ కూడా అడుగు లోతు దాటకుండా సాగు చేసుకోవడాన్ని 1958 నాటి చట్టం అడ్డుకోదు. కానీ "నా పట్టా భూమి, దొరికింది నాదే" అనడం కుదరదు. 1878 నుంచీ ఉన్న చట్టం ప్రకారం భూమిలో 10 రూపాయల విలువ దాటిన పాత వస్తువు ఏది దొరికినా కలెక్టర్‌కు చెప్పాల్సిందే.

అపోహ: వందల్లో ఉన్నాయి, నాలుగు పోతే ఏం?

వాస్తవం: హైదరాబాద్ మౌలాలి దగ్గర కూడా చాలానే ఉండేవి, నిజాం కాలంలో తవ్వి చూశారు కూడా. ఇప్పుడక్కడ కాలనీలు. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి, సంతోషమే. కానీ పేరు లేని సమాధులు కడీల (పాతే రాతి స్తంభాల) కోసం, మొరం కోసం, వెంచర్ల కోసం రోజూ పోతూనే ఉన్నాయి, నిధుల దొంగల కంటే ఇలా పోయేవే ఎక్కువని నేననుకుంటాను.

మీ ఊళ్ళో కనిపిస్తే రాయి కదపకండి. సైజు తెలిసేలా పక్కన ఒక కట్టె పెట్టి ఫొటో తీసి, లొకేషన్‌తో వారసత్వ శాఖకు గానీ తహసీల్దారుకు గానీ పంపండి.

మేం తిరిగే ఒక ఊళ్ళో ఓ పెద్దాయన తన పత్తి చేనులో సమాధి చుట్టూ తిప్పి దున్నుతాడు, లోపల తంగేడు పెరిగింది. "మా అయ్య నాగలి పెట్టలే, నేనూ పెట్టలే" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, "ఇంతకీ ఇండ్ల ఉన్నది ఆడమనిషా, మగమనిషా సారూ?" అని అడిగాడు. తెరవకుండా చెప్పలేం అన్నాను.

"అయితే వద్దులే" అన్నాడు.