రాస్తా అంటే జడలూ గంజాయేనా? అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు ప్రపంచ మతాల చరిత్ర చెబుతుంటాను. రాస్తఫారి పాఠం మొదలుపెట్టగానే క్లాసులో గుసగుసలు. ఒకరు జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లే టీషర్ట్ అంటారు, ఇంకొకరు పొగ పీల్చినట్టు సైగ చేస్తారు. 1930ల్లో జమైకాలో పుట్టి, అప్పటి నుంచి దెబ్బలు తింటూ నిలబడిన విశ్వాసం అంతవరకే కుదించుకుపోతే నాకు నిజంగా బాధేస్తుంది. దాన్ని పాటించేవాళ్లనే రాస్తాలంటారు.

అపోహ: జడలు (డ్రెడ్‌లాక్స్) కట్టినవాళ్లంతా రాస్తాలే.

వాస్తవం: జడలు లేని రాస్తాలున్నారు, రాస్తాలు కాని జడలవాళ్లూ ఉన్నారు. వ్రతంగా పెంచేవాళ్లు బైబిల్లో సంఖ్యాకాండం 6వ అధ్యాయం చూపిస్తారు: నాజీరు వ్రతం పట్టినవాడి తల మీద మంగలికత్తి పడకూడదు. 1963లో జమైకాలోని కోరల్ గార్డెన్స్ గొడవ తర్వాత పోలీసులు రాస్తాలను పట్టుకుని, కొట్టి, ఆ జడలే బలవంతంగా కత్తిరించారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2017లో.

అపోహ: రాస్తాలందరూ హైలే సెలాసీని ఒకే రకంగా దేవుడని కొలుస్తారు.

వాస్తవం: నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. 1930 నవంబర్ 2న ఇథియోపియా చక్రవర్తిగా కిరీటం పెట్టుకోకముందు ఆయన రాస్ తఫారి. ఈ మతం పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆయన మాత్రం చివరిదాకా ఆర్థడాక్స్ క్రైస్తవుడు. నయాబింగి శాఖవాళ్లకు ఆయన సాక్షాత్తూ దేవుడు. బోబో శాంతి శాఖలో ఆయన రాజు, జమైకాలో పుట్టిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వీ ప్రవక్త, ఆ శాఖ పెట్టిన ప్రిన్స్ ఇమాన్యుయేల్ పూజారి. ట్వెల్వ్ ట్రైబ్స్ శాఖలో యేసును గట్టిగా పట్టుకున్నవాళ్లు చాలామంది. మార్లే ఆ శాఖవాడే, 1980లో ఇథియోపియన్ ఆర్థడాక్స్ చర్చిలో బాప్తిస్మం తీసుకున్నాడు. అందరి మీదా పెత్తనం చేసే మఠాధిపతి ఎవరూ లేరు. నలుగురు కూర్చుని గంటల తరబడి చర్చిస్తారు, దాన్ని 'రీజనింగ్' అంటారు. 'నమ్ముతున్నాను' అనడానికి చాలామంది ఇష్టపడరు, 'నాకు తెలుసు' అంటారు.

వాళ్ల 'ఐ అండ్ ఐ' మాట తెలుగువాళ్లకు తొందరగా పట్టుబడుతుంది. మనకు 'మేము' వేరు, 'మనం' వేరు కదా. నువ్వూ, నేనూ, ఇద్దరిలోనూ ఉన్న దేవుడూ కలిసిన 'మనం' అది.

అపోహ: గంజాయి తాగడమే ఈ మతం.

వాస్తవం: చాలామందికి అది ప్రార్థనలో భాగం, అసలు ముట్టనివాళ్లూ ఉన్నారు. 2015లో జమైకా చట్టం మార్చి, మతపరమైన వాడకానికి రాస్తాలకు అనుమతి ఇచ్చింది. 'గంజా' అనే మాట మాత్రం మన దేశానిదే. 1845 నుంచి చెరకు తోటల పనికి జమైకా వెళ్లిన భారతీయ కూలీలతో పాటు వెళ్లింది. తొలి బోధకుల్లో ఒకరైన లెనార్డ్ హోవెల్ పెట్టుకున్న ఇంకో పేరు గంగున్‌గురు మరాగ్. పైకి చదివి చూడండి, అందులో గురువూ మహరాజూ వినిపిస్తారు.

అపోహ: అందరూ శాకాహారులే.

వాస్తవం: సహజమైన తిండిని 'ఐటల్' అంటారు. కొబ్బరిపాలలో ఉడికిన దుంపలు, ఆకుకూర, థైమ్ రెమ్మ, ఉప్పు లేకుండా. కొందరు చిన్న చేపలు తింటారు. గీత ఎక్కడ గీసుకోవాలో ఎవరికి వారే తేల్చుకుంటారు.

ఒక్క విన్నపం. 'రాస్తఫారియనిజం' అన్నప్పుడు వచ్చే 'ఇజం' అనే తోక వాళ్లలో చాలామందికి నచ్చదు. రాస్తఫారి అనండి, చాలు.