ఆరని తడి

మృగశిర వచ్చి పదిహేను రోజులైంది. మబ్బులు పొద్దున వచ్చి సాయంత్రానికి సాగర్ వైపు వెళ్లిపోతున్నాయి. మిర్యాలగూడలో చుక్క వాన లేదు, ఉక్కపోత మాత్రం చొక్కాలు పిండుకునేలా చేస్తోంది. అలాంటి ఒక పొద్దున మా చిన్నాయన ఫోన్ చేశాడు. ఆయనకు పాత లారీ ఒకటుంది. రైస్ మిల్లుల నుంచి బియ్యం బస్తాలు తోలుతాడు.

"బిడ్డా, బ్యాటరీ కింద నీళ్లు నిలుస్తున్నయి. వాన లేదు, బండి కడిగింది లేదు. రోజూ తువ్వాలతోటి తుడుస్తున్న. తెల్లారేసరికి మళ్ల అట్లనే ఉంటున్నయి. పిల్లలకు సైన్సు చెప్తవు గద, ఇదేందో చెప్పు."

"అవి నీళ్లేనా చిన్నాయినా?"

"నీళ్లు గాక పాలా?"

ఆదివారం నల్గొండ నుంచి బయల్దేరి వెళ్లాను. లారీకి రెండు బ్యాటరీలుంటాయి. 12 వోల్టులవి రెండు వరుసగా కలిపితే 24 వోల్టులు. చాసిస్ పక్కన, మెట్టు దగ్గర ఉండే ఇనుప పెట్టెలో వాటిని పక్కపక్కనే బిగిస్తారు. పెట్టె మూత తీసి చూస్తే ట్రే అడుగున ఒక మూల అరచేయంత తడి. రంగు లేదు. వేలు పెట్టబోతే చిన్నాయనే చేయి పట్టుకుని ఆపాడు. ముప్పై ఏళ్ల డ్రైవర్, లోపల అనుమానం లేకపోలేదన్నమాట.

ముందు మంచు సంగతి చూద్దామనుకున్నాను. లారీ బ్యాటరీ ఒక్కోటి 40 కిలోల దాకా తూగుతుంది, అందులో ఎక్కువ భాగం సీసమే. అంత బరువున్న వస్తువు నిదానంగా చల్లబడుతుంది, నిదానంగానే వేడెక్కుతుంది. రాత్రి చల్లబడ్డ ఇనుముకు తెల్లారి తేమగాలి తగిలితే చెంబు చెమర్చినట్టు చెమరుస్తుంది. చలికాలంలో చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద పొగమంచు కమ్మినప్పుడు ఇది మామూలే. కానీ గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉంటే, ఇనుము 26 డిగ్రీలకు దిగితే గానీ మంచు పట్టదు. పట్టినా బ్యాటరీ కింద ఒక్క మూలనే ఎందుకు పడుతుంది? పెట్టె మూతకూ, డీజిల్ ట్యాంకుకూ పట్టాలి కదా. పైగా మంచైతే ఎండెక్కేసరికి మాయమవుతుంది. ఈ తడి నేను చూసేసరికి పొద్దున పదకొండు.

ఇంకో అనుమానం ఎయిర్ ట్యాంక్ మీద. అది ఈ పెట్టెకు జానెడు దూరంలోనే ఉంది. లారీ బ్రేకులు గాలితో పనిచేస్తాయి, ఆ గాలిని కంప్రెసర్ నొక్కి ట్యాంకులో నింపుతుంది. గాలితో పాటు అందులోని తేమ కూడా లోపలికి వెళ్తుంది. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి మహా అయితే 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. తేమ 60 శాతం ఉందంటే 18 గ్రాములున్నట్టు. ఆ గాలిని మామూలు ఒత్తిడి మీద ఇంకో 8 బార్లకు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత) నొక్కితే తొమ్మిదో వంతుకు కుంచించుకుపోతుంది. చల్లారాక అంత కొంచెం చోటులో మూడున్నర గ్రాములకు మించి ఆవిరి నిలవదు. మిగతా పద్నాలుగు, పదిహేను గ్రాములూ నీళ్లై ట్యాంకు అడుక్కి దిగాల్సిందే. ప్రతి ఘనమీటరుకూ ఇదే లెక్క! అందుకే ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వ్ ఉంటుంది. లాగితే బుస్సుమని నీళ్లు చిమ్ముతాయి. వానే లేని రోజుల్లో కూడా లారీ గాలిలోంచి నీళ్లు పిండుకుంటుందని చాలామంది సొంతదారులకు తెలియదు. క్లీనర్లకు మాత్రం బాగా తెలుసు.

వాల్వ్ లాగి చూశాం. పాలలా తెల్లబారిన నీళ్లు వచ్చాయి, పైన నూనె రంగులు తేలుతున్నాయి. కంప్రెసర్ ఆయిల్ కలిసిందన్నమాట. ట్రేలోని తడికి ఆ జిడ్డు లేదు. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కూడా కాదు, అదైతే రంగు ఉంటుంది, తీపి వాసన వస్తుంది. ఏసీ ఉన్న కొత్త బండ్లలో ఏసీ పైపు నీళ్లు అక్కడ కారుతున్నాయేమో చూడాలి. చిన్నాయన బండికి ఏసీ అంటే కిటికీ అద్దం దించడమే.

నల్గొండ జిల్లా వాళ్లకు నీళ్లను అనుమానించడం చిన్నప్పటి నుంచీ అలవాటు. చూడ్డానికి తేటగా ఉన్న బోరు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉండి తరాల తరబడి ఎముకలు వంచింది. సున్నం, పటిక కలిపి ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. తేటగా ఉంది కాబట్టి ఇది నీళ్లే అనే మాట మా దగ్గర చెల్లదు. అదే మాట చిన్నాయనతో అంటే "నాకు చెప్తున్నవా" అన్నాడు.

చిన్నమ్మ దగ్గర పసుపు, సున్నం తీసుకున్నాను. ఈ రెండూ నీళ్లలో కలిపితే ఎర్రబడతాయని మనందరికీ తెలుసు. పారాణి ఎరుపూ అదే, దిష్టి తీసే ఎర్రనీళ్లూ అవే. పసుపులో ఉండే కుర్కుమిన్ అనే పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఆమ్లం తగిలితే మళ్లీ పసుపు పచ్చగా మారుతుంది. తెల్లటి పాత గుడ్డ ముక్కను ఎర్రనీళ్లలో ముంచి ఆరేశాను. వేప పుల్ల కొసతో ముందు ఎయిర్ ట్యాంక్ నీటి చుక్క అంటించాను. గుడ్డ తడిసింది, ఎరుపు ఎరుపుగానే ఉంది. తర్వాత ట్రేలోని తడి అంటించాను. పుల్ల తగిలిన చోట శనగ గింజంత పసుపు మచ్చ లేచింది. చూస్తుండగానే అంచులు విచ్చుకుని రూపాయి బిళ్లంత అయింది. చిన్నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"యాసిడ్ కదా" అన్నాడు చివరికి.

యాసిడే. కాకపోతే ఆయన అసలు ప్రశ్న అలాగే ఉంది. రోజూ తుడుస్తుంటే రాత్రికి రాత్రి మళ్లీ ఎక్కడి నుంచి వస్తోంది? అంత యాసిడ్ రోజూ కారుతుంటే బ్యాటరీ ఈపాటికి ఖాళీ అయిపోవాలి.

బ్యాటరీలో ఉండేది నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్, పాత పుస్తకాల్లో గంధకికామ్లం. ఫుల్ చార్జ్‌లో బరువులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ యాసిడ్, మిగతాది నీళ్లు. బయట ఒలికితే నీళ్లు కొంత ఆవిరవుతాయి, యాసిడ్ కాదు. అది మరగాలంటే 300 డిగ్రీలు దాటాలి, మన మే నెల 45 డిగ్రీలు దానికి ఏ మూలకు? అంతేకాదు, దానికి నీళ్లంటే తీరని దాహం. ముసురు పట్టినప్పుడు ఉప్పు డబ్బా చెమర్చడం చూస్తూనే ఉంటాం. ఉప్పు అయితే గాలిలో తేమ 75 శాతం దాటాకే కరగడం మొదలుపెడుతుంది. యాసిడ్‌కు అలాంటి పట్టింపు లేదు. తేమ ఎంతుంటే దానికి తగినన్ని నీళ్లు తాగి ఊరుకుంటుంది, గాలి పొడిబారితే కొన్ని వదిలేస్తుంది.

లెక్క చూడండి. ట్రేలో 10 గ్రాముల అసలు యాసిడ్ ఉందనుకుందాం. మధ్యాహ్నం తేమ 40 శాతం ఉన్నప్పుడు అది సుమారు 11 గ్రాముల నీటితో కలిసి ఉంటుంది. తెల్లవారుజామున తేమ 80 శాతానికి పోతే ఆ నీళ్లు 28 గ్రాముల దాకా పెరుగుతాయి. అంటే పొద్దున 38 గ్రాముల తడి, మధ్యాహ్నానికి 21. చుక్క కొత్త యాసిడ్ కారకుండానే మడుగు ఇంచుమించు రెట్టింపవుతుంది. చిన్నాయన సాయంత్రం తువ్వాలతో తుడిచేవాడు. తుప్పు పట్టిన ఇనుము స్పాంజి లాంటిది, దాని సందుల్లో మిగిలిన యాసిడ్ రాత్రంతా గాలిలోంచి నీళ్లు తాగేది. చుట్టూ సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లు, పైన మృగశిర మబ్బులు. దానికి తేమ కరువా?

ఆయన అన్నదీ నిజమే, అవి నీళ్లే. గాలిలోంచి వచ్చిన నీళ్లు. వాటిని పట్టి తెచ్చింది మాత్రం యాసిడ్.

మరి ఆ కాస్త యాసిడ్ బయటికి ఎట్లా వచ్చింది? పగులు కోసం వెతికాం, లేదు. "బ్యాటరీ వాటర్ ఎన్నాళ్లకోసారి పోస్తరు?" అని క్లీనర్ పిలగాణ్ని అడిగితే "రెండు రోజులకోసారి" అన్నాడు. అక్కడ దొరికింది దొంగ. మల్టీమీటర్ పెట్టి బండి స్టార్ట్ చేశాం. 28కి అటూఇటూగా ఉండాల్సిన వోల్టేజ్ 30 దాటి నిలబడింది. బండి నడుస్తుంటే బ్యాటరీని చార్జ్ చేసే డైనమోలో, వోల్టేజ్‌ను అదుపు చేసే రెగ్యులేటర్ పాడైంది. మెకానిక్‌లు ఇప్పటికీ డైనమో అనే అంటారు గానీ అది ఆల్టర్నేటర్.

ఫ్రాన్స్‌లో గాస్టోన్ ప్లాంటే 1859లో సీసపు పలకలను యాసిడ్‌లో ముంచి ఈ రకం బ్యాటరీ చేసిన నాటి నుంచీ దానికి ఈ గుణం ఉంది. నిండాక కూడా కరెంటు తోస్తూ పోతే ఆ కరెంటు నీళ్లను విడగొడుతుంది. ఒక సెల్‌లో ఒక్క ఆంపియర్-గంట, అంటే గంటసేపు పారిన ఒక ఆంపియర్ కరెంటు, మూడో వంతు గ్రాము నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా చేసేస్తుంది. లారీలో బ్యాటరీకి ఆరు చొప్పున పన్నెండు సెల్‌లు, కాబట్టి గంటకు ఆంపియర్‌కు 4 గ్రాములు. అవసరానికి మించి 5 ఆంపియర్లు పది గంటల పాటు పోయాయనుకుంటే 200 గ్రాములు, అంటే రోజుకో గ్లాసు నీళ్లు. హైడ్రోజన్ అయితే 250 లీటర్లు, ఇంటి ముందు పెట్టుకునే నీళ్ల డ్రమ్ము నిండి పొర్లేంత. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వతో పేలుతుంది. బీడీ నోట్లో పెట్టుకుని బ్యాటరీ మీదికి వంగే వాళ్లను చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. చిన్నాయన ఆ రోజు బీడీ ముట్టించుకున్నది రోడ్డు అవతల.

ఎండాకాలం ఈ గొడవ మరీ ఎక్కువ. బ్యాటరీ వేడెక్కేకొద్దీ తక్కువ వోల్టేజ్‌కే బుడగలు మొదలవుతాయి. డిగ్రీకి, సెల్‌కు 3 నుంచి 5 మిల్లీవోల్టుల తేడా. వినడానికి చిన్నదే గానీ 20 డిగ్రీలు పెరిగితే పన్నెండు సెల్‌లకు కలిపి ఇంచుమించు ఒక వోల్టు. ఆ బుడగలు పైకి వచ్చి పగిలేటప్పుడు సన్నటి యాసిడ్ తుంపరను ఎగరేస్తాయి. అది మూత రంధ్రాల్లోంచి బయటపడి బ్యాటరీ నెత్తిన పడుతుంది, పక్కలకు జారుతుంది, ట్రేలోకి దిగుతుంది. దీనికి తోడు మన క్లీనర్ పిలగాడు పైదాకా నింపేవాడు. బుడగలతో మట్టం ఉబ్బినప్పుడు పొర్లక ఏమవుతుంది? పలకలు మునిగే ఉంటే చార్జ్ అయ్యాకే, గీత వరకు మాత్రమే పోయాలి. అదీ డిస్టిల్డ్ వాటరే. బోరు నీళ్లలోని ఇనుమూ, క్లోరైడూ లోపల పలకలను తినేస్తాయి. కాచి చల్లార్చి పోశామంటారు కొందరు, కాచితే అవి పోవు కదా!

టెర్మినళ్ల దగ్గర రంగులు చూస్తే ఈ కథంతా ముందే చదువుకోవచ్చు. నీలంగా పేరుకున్నది మైలుతుత్తం, రాగి తీగను యాసిడ్ తింటే వచ్చేది. ఇనుప ట్రే మీద లేత ఆకుపచ్చ పొర అన్నభేది, అంటే ఐరన్ సల్ఫేట్. తెల్ల పొడి సీసం సల్ఫేట్, అది విషం, నోటితో ఊదకూడదు. బ్యాటరీ నెత్తి మీద యాసిడ్ పొర కరెంటును కూడా ఊరికే జారవిడుస్తుంది. మల్టీమీటర్ ఒక ముల్లు మైనస్ మీద, ఇంకోటి ప్లాస్టిక్ పైకప్పు మీద ఆనిస్తే సున్నా రావాలి. మాకు వోల్టు పైనే చూపించింది.

కళ్లకు అద్దాలు, చేతికి రబ్బరు గ్లౌజులు వేసుకుని బ్యాటరీలు కిందికి దించాం. ట్రేలో వంటసోడా నీళ్లు పోయగానే బుసబుసా నురుగు లేచింది. నురుగు రావడం ఆగిందాకా పోస్తూనే ఉన్నాం, మూతల్లోంచి లోపలికి చుక్క పోకుండా బ్యాటరీల పైభాగం కూడా కడిగాం. తర్వాత మంచినీళ్లు. ట్రే మూలనున్న రంధ్రం బియ్యపు దుమ్మూ బురదా కలిసి మూసుకుపోతే మేకుతో పొడిచి తెరిచాం. ఎండలో గంటసేపు పెట్టాక ఎర్ర గుడ్డ ముక్క ఆనించి చూశాను, పసుపు మచ్చ లేవలేదు. సోమవారం షెడ్డులో రెగ్యులేటర్ మార్చారు. వారం తర్వాత ఫోన్ చేస్తే ట్రే పొడిగానే ఉందన్నాడు చిన్నాయన.

పక్క నుంచి చిన్నమ్మ గొంతు వినిపించింది. రోజూ ట్రే తుడిచిన ఆ తువ్వాలను ఆమె మామూలు బట్టలతో పాటు నానేసిందట. ఆరబెట్టినప్పుడు బాగానే కనిపించింది. దానిలోని నీళ్లు ఎండి యాసిడ్ చిక్కబడి నూలును లోపల్లోపల తినేసి ఉంటుంది. మళ్లీ ఉతికేసరికి వేళ్లు పట్టేన్ని చిల్లులు. పక్కనే నానిన ఆయన ఖాకీ చొక్కాకు కూడా రెండు.

"కొత్తది కొనియ్యమను మీ చిన్నాయనను" అంది.