డాక్టర్ కాబోయే పిల్లలకి బొమ్మలతో పనేంటి?

ఎంబీబీఎస్ చదివిన వాళ్లెవర్ని కదిపినా స్పాటర్స్ గురించి చెప్తారు. టేబుల్ మీద వరసగా ఎముకలు, స్లైడ్లు, సీసాల్లో స్పెసిమన్లు పెట్టి ఉంటాయి, బెల్ కొట్టగానే ఒకదాని ముందు నిలబడి అదేంటో పేరు రాసి, కింద రెండు పాయింట్లు గీకి, మళ్లీ బెల్ కొట్టేలోపు పక్కదానికి జరిగిపోవాలి. పేరు తట్టిందా మార్కులు, తట్టలేదా గోవిందా. నాలుగైదేళ్లు ఇలా సాగాక కళ్లకి ఒక అలవాటు పడిపోతుంది, ఏది కనిపించినా ముందు దాని పేరేంటా అని వెతుక్కోవడం, పేరు దొరికిందంటే ఇంక చూడటం ఆపేయడం. పరీక్షకి ఇది బాగానే పనికొస్తుంది. ఇబ్బందంతా వార్డులో మంచం మీద పడుకున్న మనిషి దగ్గరే, ఎందుకంటే ఆయన మన టెక్స్ట్ బుక్ చదువుకుని జబ్బు తెచ్చుకోడు కదా, సగం లక్షణాలు బుక్కులో ఉన్నట్టే ఉంటాయి, సగం ఉండవు.

అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఇర్విన్ బ్రేవర్మన్ అని చర్మవ్యాధుల ప్రొఫెసర్, 1990ల చివర్లో ఆయన గమనించింది కూడా ఇదే. తెలిసిన మచ్చ చూపిస్తే కుర్రాళ్లు టక్కున పేరు చెప్పేస్తున్నారు, తెలియనిది చూపించి ఏం కనిపిస్తోందో చెప్పమంటే నీళ్లు నములుతున్నారు. అప్పుడాయన అక్కడే ఉన్న బ్రిటిష్ ఆర్ట్ మ్యూజియంలో క్యూరేటర్ లిండా ఫ్రీడ్‌లెండర్‌తో కలిసి ఫస్టియర్ స్టూడెంట్లని తీసుకెళ్లి పెయింటింగ్స్ ముందు నిలబెట్టారు. తలా ఒక బొమ్మ, ఒక్కో బొమ్మకి పది నిమిషాలు, తర్వాత చూసిందంతా పక్కవాళ్లకి వివరంగా చెప్పాలి. పెయింటింగ్సే ఎందుకంటే అందులో వీళ్లకి ఓనమాలు రావు, ఏ డీటెయిల్ ముఖ్యమో ఏది కాదో తెలీదు, తెలీదు కాబట్టి ఏదీ వదిలెయ్యలేరు. 2001లో జామా అనే మెడికల్ జర్నల్లో రిజల్ట్స్ వచ్చాయి: పేషెంట్ల ఫొటోలు చూపించి టెస్ట్ పెడితే, మామూలు క్లినికల్ క్లాసులు విన్నవాళ్ల కన్నా ఈ బొమ్మల బ్యాచ్ ఎక్కువ విషయాలు పట్టుకుంది. తేడా మరీ ఆకాశమంత కాదు, ఉన్నమాట మాత్రం నిజం.

ఈ పని ఎలా జరుగుతుందో ఒక బొమ్మ పెట్టుకుని చూద్దాం. ల్యూక్ ఫిల్డ్స్ 1891లో గీసిన 'ది డాక్టర్', ఇప్పుడు లండన్ టేట్ గ్యాలరీలో ఉంది, నెట్లో కొడితే వచ్చేస్తుంది, వీలైతే పక్కన తెరిచి పెట్టుకోండి. చూడగానే మనం చెప్పేది "పిల్లకి జబ్బు చేసింది, డాక్టర్ వచ్చాడు" అని, రెండు సెకన్ల పని. ఇప్పుడు పేరు పెట్టడం ఆపి మళ్లీ చూడండి. పిల్ల మంచం మీద లేదు, రెండు కుర్చీలు ఎదురుబొదురుగా వేసి దిండేసి పడుకోబెట్టారు, రెండు కుర్చీలూ ఒక రకం కాదు. ఒక చెయ్యి కిందకి వేలాడుతోంది. టేబుల్ మీద దీపం, దాని షేడ్ పిల్ల వైపు వంచి ఉంది. డాక్టర్ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని ముందుకి వంగి చూస్తున్నాడు, చేతిలో స్టెతస్కోప్ లేదు, నాడి పట్టుకోలేదు, ఏమీ చెయ్యట్లేదసలు. వెనక చీకట్లో తల్లి టేబుల్ మీద ముఖం దాచుకుంది, తండ్రి ఆవిడ భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు, అతని చూపు పిల్ల మీద లేదు, డాక్టర్ ముఖం మీద ఉంది. కిటికీలోంచి సన్నగా వెలుతురు, అంటే రాత్రంతా గడిచిపోయి తెల్లారుతోంది.

క్లాసులో ఎవరో ఒకరు "ఆ డాక్టర్ కంగారు పడుతున్నాడు" అంటారు, ఇంకొకరు "లేదు, ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చున్నాడు" అంటారు. టీచర్ ఏదీ తప్పనడు, "ఏం చూసి అలా అన్నావ్?" అని మాత్రం అడుగుతాడు. ఈ ప్రశ్న విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అనే పద్ధతిలోది, అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అని ఇద్దరు మొదట్లో మ్యూజియంకొచ్చే జనం కోసం, స్కూలు పిల్లల కోసం తయారు చేసారు, తర్వాత మెడికల్ కాలేజీలు పట్టుకున్నాయి. చూసింది వేరు, ఊహించింది వేరు అని ఆ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. మన క్లినికల్ ఎగ్జామినేషన్లో ఇన్‌స్పెక్షన్ (కళ్లతో చూడటం) ముందు, పాల్పేషన్ (చేత్తో తాకి చూడటం) తర్వాత అని నేర్పేది కూడా ఇందుకే, కాకపోతే ఓపీలో వంద మంది లైన్లో ఉంటే ఇన్‌స్పెక్షన్ కాస్తా తలుపు దగ్గరే అయిపోతుంది. (ఇదే బొమ్మని 1949లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ వాళ్లు ప్రభుత్వ ఆరోగ్య బీమా వద్దని ప్రచారం చెయ్యడానికి పోస్టర్‌గా వాడుకున్నారు. పాపం ఫిల్డ్స్ కొడుకు చిన్నప్పుడే పోయాడు, ఆ బాధలోంచి వచ్చిన బొమ్మ అంటారు. దాన్ని చివరికి దేనికి వాడారో చూడండి.)

ఫిలడెల్ఫియాలో ఇంకా గట్టి పరీక్ష పెట్టారు. 36 మంది ఫస్టియర్ మెడికోల్ని లాటరీ పద్ధతిలో రెండుగా విడగొట్టి, ఒక గ్రూపుకి మ్యూజియంలో గంటన్నర చొప్పున ఆరు క్లాసులు, రెండో గ్రూపుకి క్లాసులేం లేవు, మ్యూజియం మెంబర్‌షిప్ ఫ్రీగా ఇచ్చేసారు. నాకైతే ఈ కంట్రోల్ గ్రూపే భలే నచ్చింది. 2018లో ఆఫ్తాల్మాలజీ అనే కంటి వైద్యం జర్నల్లో వేసారు, క్లాసులైన వాళ్లు రెటీనా ఫొటోలని, కంటి జబ్బుల ఫొటోలని వర్ణించడంలో బాగా మెరుగయ్యారు, వీళ్లకి క్లాసుల్లో కంటి గురించి ఒక్క ముక్క చెప్పకపోయినా సరే. పాస్ చేతిలో ఉన్నంత మాత్రాన కళ్లు తెరుచుకోవు, పక్కన కూర్చుని "ఇంకేం కనిపిస్తోంది" అని అడిగేవాళ్లు ఉండాలన్నమాట.

సరే ఇదంతా పేషెంట్‌ని చూసే కళ్ల సంగతి. ఆ చూసేవాళ్ల లోపల ఏం జరుగుతోందో ఎవరు చూస్తారు?

2016లో జామాలోనే లీసా రోటెన్‌స్టైన్ టీమ్ చాలా దేశాల స్టడీలు కలిపి లెక్కేస్తే మెడికల్ స్టూడెంట్లలో 27 శాతం మందిలో డిప్రెషన్ గానీ ఆ లక్షణాలు గానీ కనిపించాయి, 11 శాతం మందికి చచ్చిపోవాలన్న ఆలోచనలు. డిప్రెషన్ ఉందని తేలినవాళ్లలో ట్రీట్‌మెంట్‌కి వెళ్లింది 16 శాతం కూడా లేరు, డాక్టర్ కాబోయేవాళ్లే డాక్టర్ దగ్గరికి వెళ్లరు. ఫిలడెల్ఫియాలోనే జెఫర్సన్ మెడికల్ కాలేజీలో హోజత్ అనే ఆయన 2009లో ఇంకోటి చూపించారు, మొదటి రెండేళ్లు స్టూడెంట్లలో ఎంపతీ (ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం) స్కోర్ పెద్దగా మారలేదు, థర్డ్ ఇయర్ చివరికి దిగిపోయింది. అక్కడ థర్డ్ ఇయర్ అంటేనే వార్డుల్లోకి దిగడం. పుస్తకాలతో ఉన్నన్నాళ్లు జనం మీద జాలి ఉంది, జనం దగ్గరికి వెళ్లాక తగ్గింది! ఇవి వాళ్లంతట వాళ్లు నింపిన ఫారాల స్కోర్లే, కాబట్టి పూర్తిగా నమ్మెయ్యకూడదు, అయినా హౌస్ సర్జన్సీ చేసిన వాళ్లకి ఇందులో ఆశ్చర్యమేం ఉండదు. మొదటి చావు చూసిన రాత్రి సీనియర్లు చెప్పే మాట ఒకటే కదా, గుండె రాయి చేసుకోవాలి, లేకపోతే ఈ ఫీల్డులో బతకలేవు అని. ఆ రాయి డ్యూటీ దిగాక మళ్లీ మెత్తబడటం ఎలాగో మాత్రం ఎవ్వరూ చెప్పరు.

ఇక్కడ కూడా పని చేసేది ఇందాకటి పద్ధతే అని నాకనిపిస్తుంది, ఉన్నదాన్ని ఉన్నట్టు బయటికి చెప్పడం. కాలిఫోర్నియాలో లీబర్‌మన్ బృందం 2007లో 30 మందిని మెదడులో ఏ భాగం చురుగ్గా ఉందో చూపించే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌లో పడుకోబెట్టి కోపంగా, భయంగా ఉన్న ముఖాలు చూపించింది. ఒకసారి ఆ ముఖంలో ఉన్న ఎమోషన్ ఏంటో ఎంచుకోమన్నారు, ఇంకోసారి ఆ మనిషికి తగ్గ పేరు, అంటే ఆడ పేరా మగ పేరా అనేది ఎంచుకోమన్నారు. ఎమోషన్‌కి మాట పెట్టినప్పుడు మెదడులో భయం లాంటివాటికి స్పందించే అమిగ్డలా చురుకు తగ్గింది, నుదుటి వెనక కుడివైపున్న ఒక భాగం చురుకు పెరిగింది. స్కానర్‌లో బొమ్మలు వేరు, క్యాజువాలిటీలో రాత్రి రెండింటికి చూసేది వేరు, అది ఒప్పుకోవాల్సిందే.

రాయడం మీద అయితే ఇంకా పాత పని ఉంది. 1986లో జేమ్స్ పెనిబేకర్, శాండ్రా బీల్ కాలేజీ స్టూడెంట్లని నాలుగు రాత్రులు, రోజుకి 15 నిమిషాలు, జీవితంలో బాగా కలిచివేసిన విషయం గురించి రాయమన్నారు. జరిగింది, దాంతోపాటు అప్పుడు ఏమనిపించిందో, రెండూ రాసినవాళ్లకి రాసిన వెంటనే మూడ్ ఇంకా పాడైంది, బీపీ కూడా పెరిగింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్లు హెల్త్ సెంటర్‌కి వెళ్లడం తగ్గింది. ఆ తర్వాత ఇలాంటివి వందకి పైగా జరిగాయి, 2006లో 146 స్టడీలు కలిపి చూస్తే లాభం ఉంది గానీ చిన్నదే అని తేలింది. "డైరీ రాస్తే డిప్రెషన్ మాయం" అని రీల్స్ చేసేవాళ్లకి ఈ చిన్న అనే మాట నచ్చదు. నిజంగా బాగోలేనప్పుడు డైరీ మందు కాదు, సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యాలి, తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇలా రాయడాన్ని మెడికల్ కాలేజీలోకి తెచ్చిన మనిషి కొలంబియా యూనివర్సిటీలో రీటా ఛారన్. ఆవిడ జనరల్ మెడిసిన్ డాక్టర్, పైగా ఇంగ్లిష్ సాహిత్యంలో పీహెచ్‌డీ, ఇప్పుడు నేరేటివ్ మెడిసిన్ (కథలు వినడం, రాయడం ద్వారా వైద్యం నేర్పే పద్ధతి) అంటున్నదంతా ఆవిడ మొదలుపెట్టిందే. 1993 నుంచి స్టూడెంట్లతో పేరలల్ చార్ట్ అని ఒకటి రాయించేవారు. ఆవిడ చెప్పే ఉదాహరణ ఇది: మీరు చూస్తున్న ప్రోస్టేట్ క్యాన్సర్ పెద్దాయన్ని చూస్తే, పోయినేడాది అదే జబ్బుతో పోయిన మీ తాతగారు గుర్తొచ్చి ఏడుపొస్తోంది అనుకోండి, అది కేస్ షీట్‌లో రాయలేరు, రాయనివ్వరు కూడా, కానీ ఎక్కడో ఒకచోట రాయాలి, ఆ చోటే పేరలల్ చార్ట్. ఒక్కో పేషెంట్ గురించి ఒక పేజీ, మామూలు భాషలో. వారానికోసారి కూర్చుని రాసింది పైకి చదవాలి. చదువుతుంటే పక్కవాడికి "నాకొక్కడికే కాదా ఇలా అనిపించింది" అని తెలుస్తుంది, నా దృష్టిలో సగం వైద్యం అక్కడే జరుగుతోంది.

రాయడం అందరికీ రాదు, కొందరికి గీయడం వస్తుంది, కొందరికి అదీ రాదు. పర్లేదు. డ్రెక్సెల్ యూనివర్సిటీలో గిరిజా కైమల్ 2016లో 39 మంది పెద్దవాళ్లకి మట్టి, కాగితాలు, స్కెచ్ పెన్నులు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చింది చేసుకోమన్నారు, ముందూ తర్వాతా లాలాజలంలో కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ కొలిచారు. ముప్పావు వంతు మందికి తగ్గింది, బొమ్మలు బాగా వచ్చినవాళ్లకీ అసలు రానివాళ్లకీ తేడా లేదు. కాకపోతే పోల్చడానికి ఊరికే కూర్చున్న గ్రూపు లేదు, కాబట్టి 45 నిమిషాలు ఫోన్ పక్కనపెట్టినందుకే తగ్గిందేమో అని ఎవరన్నా అంటే కాదనలేం.

నాకు అన్నిటికన్నా గుచ్చుకున్నది పెన్సిల్వేనియాలో హెర్షీ ఊళ్లో జరిగింది. అక్కడ పెన్ స్టేట్ మెడికల్ కాలేజీలో మైకేల్ గ్రీన్ అనే డాక్టర్ 2009లో ఫోర్త్ ఇయర్ వాళ్లకి కామిక్స్ కోర్సు మొదలుపెట్టారు, కోర్సు చివరికి తమ అనుభవం మీద తలా ఒక కామిక్ గీసి ఇవ్వాలి. కొన్నేళ్ల కామిక్స్ అన్నీ ముందేసుకుని చూస్తే దాదాపు సగం వాటిలో హారర్ సినిమా బొమ్మలు, సీనియర్ డాక్టర్లు రాక్షసులు, హాస్పిటల్ కారిడార్ పీడకల, తాము నడిచే శవాలు. అదే పిల్లల్ని ఫీడ్‌బ్యాక్ ఫారంలో "మీ టీచర్ ఎలా ఉన్నారు, ఐదుకి ఎంత" అని అడిగితే నాలుగో ఐదో వేసి ఊరుకునేవాళ్లు. ఫారంలో బయటపడనిది పెన్సిల్ పట్టుకుంటే బయటపడింది.

మన దేశంలోనూ జరగకపోలేదు. ఢిల్లీలోని మెడికల్ కాలేజీ యూసీఎంఎస్‌లో 2009లో మెడికల్ హ్యుమానిటీస్ గ్రూపు, అంటే డాక్టర్ చదువులోకి సాహిత్యం, కళలు తెచ్చే గ్రూపు, పెట్టారు, 2011లో అగస్టో బోల్ నాటక పద్ధతితో వర్క్‌షాప్ చేసారు. బోల్ బ్రెజిల్ ఆయన, ఆయన ఫోరం థియేటర్‌లో నాటకం చెడుగా ముగుస్తుంది, తర్వాత మళ్లీ మొదటి నుంచి ఆడతారు, ఈసారి చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని అరిచి స్టేజ్ ఎక్కి ఆ పాత్ర తీసుకోవచ్చు. ఉదాహరణకి రౌండ్స్‌లో పేషెంట్ ఎదురుగానే పీజీ ఇంటర్న్‌ని తిడుతున్న సీన్ అనుకోండి, మన కాలేజీల్లో వెతుక్కోనక్కర్లేని సీనే. ఒకడు ఇంటర్న్ చోటులోకి వెళ్లి ఎదురు మాట్లాడి చూస్తాడు, ఇంకొకమ్మాయి పేషెంట్ చోటులోకి వెళ్లి "బాబూ, నా సంగతి చూసాక కొట్టుకోండి" అంటుంది, ఇంకొకరు పీజీ చోటులోకి వెళ్లాక అతను 30 గంటలుగా నిద్రపోలేదని ఒళ్లు నొప్పులతో సహా అర్థమవుతుంది. డ్యూటీ గంటలు నాటకంతో తగ్గవు, అది వేరే పోరాటం, ముగ్గులు వేయించి ఆ పోరాటాన్ని పక్కదారి పట్టించే మేనేజ్‌మెంట్‌ని నమ్మొద్దు కూడా.

2019 బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్ సిలబస్‌లో ఏట్‌కామ్ మాడ్యూళ్లు (డాక్టర్ ప్రవర్తన, నైతికత, మాట్లాడే తీరు నేర్పే పాఠాలు) వచ్చాయి, అందులో ఫస్టియర్‌లోనే క్యాడవర్ (డిసెక్షన్‌కి వాడే శవం) మన మొదటి గురువు అని ఒక మాడ్యూల్ ఉంది, రిఫ్లెక్షన్, అంటే తమకేమనిపించిందో రాయడమూ ఉంది. మంచి విషయమే. చిక్కంతా ఎక్కడంటే ఆ రిఫ్లెక్షన్ లాగ్ బుక్‌లోకి ఎక్కుతుంది, లాగ్ బుక్ మీద సంతకం పడాలి, సంతకం అంటే ఇంటర్నల్ మార్కులు. దాంతో పిల్లలు ఏం రాస్తే సార్‌కి నచ్చుతుందో అదే రాస్తారు, సీనియర్ లాగ్ బుక్ ఫొటోలు తీసి గ్రూపులో పెట్టుకుంటారు, "దేహదానం చేసిన మహనీయులకి శతకోటి వందనాలు" అని యాభై మందీ ఒకటే వాక్యం, డిసెక్షన్ హాల్లో మొదటిరోజు ఆ వేలి గోరుకి ఇంకా మిగిలిన గోరింటాకు చూసి కడుపులో తిప్పిందని ఒక్కరూ రాయరు. నన్నడిగితే ఆ పేజీకి మార్కులు తీసేసి, సంతకం కూడా వద్దని, అటెండెన్స్ ఒక్కటి వేసుకుని, వారానికి ఒక గంట రాసింది ఎవరికిష్టమైతే వాళ్లు చదివేలా చేస్తే చాలు, దానికి ఖర్చు కూడా ఏం లేదు, ఒక ఖాళీ క్లాస్‌రూమ్, మధ్యలో అడ్డు తగలకుండా వినగలిగే ఒక ఫ్యాకల్టీ, ఆ రెండోదే దొరకడం కష్టం.