డోలమైట్: రాయి పేరే కొండలకు వచ్చింది

భూగర్భశాస్త్రం చదివినవారిలోనూ డోలమైట్ అనే కాల్షియం, మెగ్నీషియం కార్బనేట్ ఖనిజం గురించి కొన్ని పొరపాటు అభిప్రాయాలు బలంగా పాతుకుపోయి ఉన్నాయి. ముందుగా పేరు సంగతి.

అపోహ: ఇటలీలోని డోలమైట్ పర్వతాల వల్ల ఈ ఖనిజానికి ఆ పేరు వచ్చింది.

వాస్తవం: కాదు, ఇది ఒక మనిషి పేరు. ఫ్రెంచ్ శాస్త్రవేత్త దేయోదా ద దొలోమ్యూ ఆల్ప్స్‌లో ఒక వింత రాయిని గమనించారు. చూపుకు అచ్చం సున్నపురాయే, కానీ ఆమ్లం పోస్తే దానిలా పొంగదు. 1791లో ఆ వివరాలు ప్రచురించారు. మరుసటి ఏడాది నికోలా తియొడోర్ ద సోస్యూర్ రాయిని విశ్లేషించి, దానికి దొలోమ్యూ పేరే పెట్టారు. కొండలకు ఆ పేరు ఆ తరువాత వచ్చింది. సిసిలీలోని మెస్సినా చెరలో ఉన్నప్పుడు కూడా, రాసుకోవడానికి ఏమీ ఇవ్వకపోతే, పుస్తకాల అంచుల మీద మసితో ఖనిజశాస్త్రం రాసిన మనిషి దొలోమ్యూ. 1801లో విడుదలై, అదే ఏడాది కన్నుమూశారు. అటువంటివాడి పేరును కొండల ఖాతాలో వేయడం అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అపోహ: మెగ్నీషియం కలిసిన సున్నపురాయి అంతా డోలమైటే.

వాస్తవం: కలిస్తే చాలదు, వరుస కుదరాలి. డోలమైట్ స్ఫటికంలో కాల్షియం ఒక పొర, మెగ్నీషియం ఒక పొర, వాటి నడుమ కార్బనేట్ పొరలు.

అపోహ: సముద్రపు నీటిలో మెగ్నీషియం పుష్కలం కాబట్టి డోలమైట్ సులభంగా ఏర్పడుతుంది.

వాస్తవం: మా రంగంలో ఇంతకంటే మొండి సమస్యలు తక్కువ. ప్రాచీన శిలల్లో ఇది గుట్టలుగా ఉంది, నేటి సముద్రాల్లో మాత్రం అరుదు. మెగ్నీషియం అయాన్ తన చుట్టూ ఉన్న నీటి అణువులను అంత తేలికగా వదలదు, అందుకే స్ఫటికంలో సులువుగా చేరదు. భూగర్భశాస్త్రవేత్త లింటన్ ల్యాండ్ 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, వెయ్యి రెట్లు అతిసంతృప్తమైన (అంటే పట్టే హద్దును మించి కరిగి ఉన్న) ద్రావణంతో 32 ఏళ్లు ప్రయత్నించినా స్ఫటికం రాలేదని 1998లో ప్రకటించారు. 2023లో మిషిగన్, హొక్కైడో విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఒక దారి చూపారు: తప్పు చోట చేరిన పరమాణువులను మళ్లీ మళ్లీ కరిగిస్తూ పోతే పొరల వరుస కుదురుతుంది. అలా సుమారు 300 పొరలు పెంచగలిగారు. ప్రకృతిలో ఈ కరిగించే పని ఆటుపోట్లు, వానలు చేసి ఉంటాయన్నది వారి వాదన. నాకది నమ్మదగినదిగానే కనిపిస్తోంది.

అపోహ: చల్లని, పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి పొంగకపోతే అది కార్బనేట్ శిల కాదు.

వాస్తవం: డోలమైట్ కూడా కార్బనేట్ శిలే. రాయిని కత్తితో గీసి, రాలిన పొడి మీద చుక్క వేయండి. డోలమైటైతే అప్పుడు సన్నగా బుడగలు వస్తాయి.