స్కీయింగ్: మనవాళ్ళ అపోహలు, అసలు వాస్తవాలు

చలికాలం కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో స్కీయింగ్ (కాళ్ళకి స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు వాలు మీద జారడం) నేర్పిస్తాను, వేసవికి పర్లాకిమిడి వచ్చేస్తాను. వచ్చిన దగ్గర్నుంచీ టీ కొట్టు దగ్గర ఇవే మాటలు వింటున్నా, అందుకే రాస్తున్నా.

అపోహ: మంచులో పుట్టి పెరిగినవాళ్ళకే స్కీయింగ్ వస్తుంది.

కాదు. ఇరవై దాటేదాకా నేనూ మంచు చూడలేదు. కొత్తవాళ్ళంతా చేసే తప్పు ఒకటే, వాలు చూడగానే భయంతో వెనక్కి వాలిపోతారు. అప్పుడు బరువంతా మడమల మీద పడి స్కీల ముందు భాగం తేలిపోతుంది, ఇక అవి మన మాట వినవు. మోకాళ్ళు వంచి, ముంగాలు బూటు ముందు భాగానికి గట్టిగా ఆనేలా ముందుకి ఒరగాలి. గుణుపురం కుర్రాడొకడు రెండు రోజులు పడుతూ లేస్తూనే ఉన్నాడు. మూడో రోజు స్కీల కొనలు దగ్గరికి చేర్చి, మడమలు ఎడంగా తోసి, "అన్నా, ఆగింది!" అని అరుస్తూ సరిగ్గా నా ముందుకొచ్చి ఆగాడు.

అపోహ: మహేంద్రగిరి ఎక్కినవాడిని, ఎత్తు నన్నేం చేస్తుంది?

మహేంద్రగిరి 1,501 మీటర్లు. గుల్మార్గ్ ఊరే సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడి గొండోలా (కేబుల్ కారు) రెండో దశ దాదాపు 4,000 దాకా తీసుకెళ్తుంది. కండ బలం ఉన్నవాళ్ళకీ తలనొప్పి, వికారం వస్తాయి. మొదటిరోజు పైకి వెళ్ళకండి. ఒంట్లో బాగోకపోతే కిందకి దిగిపోండి.

అపోహ: చలిలో ఎండ ఏం చేస్తుంది?

కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గాగుల్స్ లేకపోతే సాయంత్రానికి కళ్ళలో ఇసుక పోసినట్టుంటుంది.

అపోహ: గట్టిగా అరిస్తే మంచు చరియలు విరిగిపడతాయి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే ఇది నమ్మినవాళ్ళు నోరు మూసుకుంటే చాలు, ఏమీ కాదనుకుంటారు. అరుపుకి చరియ కదలదు. లోపల బలహీనమైన పొర, దాని మీద గట్టిపడిన మంచు పలక, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్నచోట మన బరువే చాలు. ప్రాణాలు తీసే చరియల్లో ఎక్కువ భాగం అందులో చిక్కుకున్నవాళ్ళో వాళ్ళ జట్టువాళ్ళో కదిపినవే. కూరుకుపోయినవాళ్ళని పదిహేను నిమిషాల్లో తీయలేకపోతే బతికే అవకాశం బాగా పడిపోతుంది. అంటే సాయం కిందనుంచి వచ్చేదాకా ఆగడం కుదరదు, పక్కనున్నవాడే తవ్వాలి. అందుకే గీసిన దారి దాటి వెళ్ళే ప్రతి ఒక్కరి దగ్గరా ట్రాన్సీవర్ (కూరుకుపోయినవాళ్ళ జాడ చెప్పే సిగ్నల్ పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉండాలి, వాడటం కూడా రావాలి. అవి ఉన్నా సరే, రాత్రి కొత్త మంచు పడి తాడు కట్టి మూసేసిన వాలు మీదకి ఎవరు రమ్మన్నా వెళ్ళకండి తమ్ముళ్ళూ.