పాత ఢిల్లీ రీళ్లు, ఇంట్లో ప్రొజెక్టరు: అపోహలు - వాస్తవాలు

కోడంబాక్కంలో పాత హోమ్ మూవీ రీళ్లు స్కాన్ చేసే పని నాది. మద్రాసు తెలుగువాళ్ల ఇళ్ల నుంచి వచ్చేవాటిలో పెళ్లిళ్ల తర్వాత ఎక్కువగా ఉండేవి ఢిల్లీ యాత్రలే. ఎర్రకోట, కుతుబ్ మినార్, ఇండియా గేట్. తెచ్చినవాళ్లు చాలామంది "ఒకసారి వేసి చూశామండీ, మధ్యలో తెగింది" అంటారు. ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: ముందు ప్రొజెక్టర్ మీద వేసి, ఏముందో చూసి, తర్వాత స్కానింగుకి ఇవ్వచ్చు.

వద్దు. దయచేసి వద్దు. ఎసిటేట్ (ఒక రకం ప్లాస్టిక్) ఫిల్ము ఏళ్ల తరబడి మన ఉక్కపోతలో ఉంటే కుంచించుకుపోతుంది. ఒక్క శాతం తగ్గినా పెర్ఫరేషన్లు, అంటే అంచునుండే చిల్లులు, ప్రొజెక్టర్ పళ్లకు కుదరవు. లాగినచోటల్లా చిరుగుతాయి. ఫిల్ము ఆగిందా, బల్బు వేడికి ఆ ఫ్రేము కాలిపోతుంది. "నెగెటివ్ ఎక్కడో ఉంటుందిగా" అంటారు. ఉండదండీ! కొడాక్రోమ్ లాంటివి రివర్సల్ ఫిల్ములు. కెమెరాలో తిరిగిన ఫిల్మే కడిగి ఇంటికొస్తుంది. మీ చేతిలో ఉన్నదొక్కటే కాపీ.

మొన్నామధ్య టీ నగర్ నుంచి ఒక పెద్దావిడ వచ్చారు. మనవడు పాత సామాన్ల కొట్లో ప్రొజెక్టర్ కొని, ఆవిడ పుట్టినరోజున రీలు వేశాడట. ఇండియా గేట్ షాటులో ఇరుక్కుంది. భూతద్దంతో చూస్తే వెనకున్న ఛత్రీలో, అంటే రాతి మంటపంలో, ఐదో జార్జి విగ్రహం ఉంది, అంటే 1968కి ముందు తీసింది. ఆ ఏడాదే దాన్ని అక్కణ్ణించి తీసేశారు. ముందు నిలబడ్డ మనిషికి మొహం ఉండాల్సినచోట కాలిన మచ్చ. "ఆయన మావారండీ" అన్నారు, గొంతు పూడుకుపోయింది. ఎయిట్ ఎమ్ఎమ్‌లో సెకనుకి 16 ఫ్రేములు, కాలింది ఒక్కటే, మిగతావాటిలో ఆయన నిక్షేపంగా ఉన్నారు. చిరుగులకు టేపు వేసి, పళ్లు లేని స్కానర్ మీద తీశాను. పిల్లాణ్ణి ఏమీ అనొద్దని కూడా చెప్పాను, ప్రేమతోనే చేశాడు.

ఏముందో చూడాలంటే మొదట్లో ఒక మూర ఫిల్ము విప్పి, అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూడండి. చాలు.

అపోహ: వెనిగర్ వాసనొస్తే పారెయ్యడమే.

ఎసిటేట్ పాడవడం మొదలైందని ఆ వాసన చెబుతుంది. బొమ్మ ఇంకా ఉండొచ్చు. కానీ అది ఆగదు, రోజురోజుకీ వేగం పుంజుకుంటుంది. మిగతా రీళ్లకు దూరంగా, గాలాడే చల్లని చోట పెట్టి, ముందు దాన్నే స్కాన్ చేయించండి. బూజు పట్టినా తడిగుడ్డ పెట్టొద్దు, బొమ్మ ఉండే జెలటిన్ పొర మెత్తబడి బొమ్మే ఊడొస్తుంది.

అపోహ: పాత ఫిల్ము భగ్గుమంటుంది.

అది సినిమావాళ్ల 35 ఎమ్ఎమ్ నైట్రేట్ సంగతి. ఇళ్లలో వాడిన కొడాక్ 8, 16 ఎమ్ఎమ్‌లు మొదట్నుంచీ అలా భగ్గుమనని సేఫ్టీ ఫిల్ములే. వాట్సాప్ మెసేజ్ చూసి రీళ్లు చెత్తబండిలో వేశామని ఎవరైనా చెబితే కడుపు మండిపోతుంది.

అపోహ: స్కాన్ చేసేవాళ్లు సౌండ్ పోగొట్టారు.

చాలావాటిలో సౌండ్ అసలు లేదు. 8 ఎమ్ఎమ్‌లోనే తర్వాత వచ్చిన రకం సూపర్ ఎయిట్‌కి సౌండ్ వచ్చిందే 1973లో.

అపోహ: స్కానయ్యాక రీలు దండగ.

దాచండి. హార్డ్ డిస్క్ ఏ రోజు పోతుందో ఎవరూ చెప్పలేరు. రేపు ఇంకా మంచి స్కానర్ వస్తే మళ్లీ తియ్యాల్సింది ఆ రీలు నుంచే.